మిగిలిన రెండు గడులు

ఏప్రిల్ 3

అమ్మకి మూడో నెల. ఇవాళ బడి నుంచి రాగానే చెప్పింది. నాన్న తరవాత నాకే తెలుసు, చెల్లి చిట్టికి ఇంకా చెప్పలేదు. చెప్తూ నా చెయ్యి పట్టుకుని, "అంతా నీ పుణ్యమేనే" అంది.

నా పుణ్యమే మరి. జనవరిలో వంటింటి బల్ల మీద కాగితం పెట్టి, పుట్టే బిడ్డకి ఏ జన్యువులు రావచ్చో చూపించే నాలుగు గడులు గీసింది ఎవరు? అమ్మా నాన్నా ఇద్దరూ వాహకులు. వాళ్ళకి జబ్బు లేదు గానీ, జబ్బు జన్యువు చెరొకటి లోపల పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ రెండూ ఒకే బిడ్డకి పడితే ఆ బిడ్డ మా చిట్టి. తొమ్మిదేళ్ళది. మూడు వారాలకోసారి ముక్కూ మొహం తెలియని ఎవరి రక్తమో ఎక్కిస్తే గానీ నిలబడలేదు. దానికి కావలసింది ఎముక మజ్జ. నాది సరిపోలేదు. ఇంకో తోబుట్టువు ఉంటే సరిపోవచ్చని రక్తం డాక్టరమ్మ ఎప్పుడో అంది. కానీ ఆ బిడ్డ కూడా ఇలాగే పుడితే అని నాన్న ఇన్నేళ్ళూ ససేమిరా అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, అన్నిటికీ తాడు తెగినట్టే ఊహించుకుంటాడు.

ఆ భయాన్ని నేను పది నిమిషాల్లో పోగొట్టాను. డాక్టర్లు చెప్పి చెప్పి అలిసిపోయినా అర్థం కాని సంగతి, పదకొండో తరగతి పిల్ల చెప్తే అర్థమైంది. ఈ సంవత్సరం బయాలజీలో ఫస్టు నేనే. రికార్డు పుస్తకంలో వెనక పేజీలు మిగిలాయి కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను. బొమ్మల కోసం వదిలిన తెల్ల పేజీల్లో రాయడం హాయిగా ఉంది.

ఏప్రిల్ 8

బుధవారం. చిట్టికి రక్తం ఎక్కించారు. నాన్నా నేనూ తీసుకెళ్ళాం. అమ్మ రానంది, బట్టలు సరిచేసే కొట్లో పని ఎక్కువట. పొద్దున తెల్లకాగితంలా ఉన్న పిల్ల సాయంత్రానికి వాగుడుకాయ అయిపోయింది. దారి పొడుగునా, ఇవాళ తనకి ఎక్కింది తప్పకుండా ఎవరో పాటలు పాడే ఆవిడ రక్తమేనని వాదించింది. గొంతు మాత్రం మారలేదు, ఖర్మ.

ఏప్రిల్ 14

యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చారు. ఇరవై అయిదుకి ఇరవై నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో చూడండి. (ఎవర్ని చూడమంటున్నానో!)

"వాహకులైన దంపతులకు ఒక బిడ్డ జబ్బుతో పుట్టింది. తరవాతి బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంత?"

నేను "సున్నా" అని రాశాను. ఎర్ర సిరాతో ఇంటూ.

ఊరుకుంటానా? లేచి నిలబడి అడిగాను. మా బయాలజీ సార్‌ని అందరం జిరాఫీ సార్ అంటాం. మెడ అంత పొడుగు. ఆ మెడ వంచి నా పేపర్ చూసి, "నాలుగింట ఒకటి కదమ్మా, సున్నా ఎలా అవుతుంది?" అన్నారు.

"ఆ ఒకటి మొదటి బిడ్డతో అయిపోయింది కదా సార్."

"అయిపోవడానికి అవేమన్నా సినిమా టిక్కెట్లా? ఆ నాలుగు గడులు నలుగురు పిల్లలు కారు. ప్రతి బిడ్డకీ నాలుగు గడులూ మళ్ళీ మొదటి నుంచీ ఉంటాయి."

క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. జిరాఫీ సార్‌కి మెడ పొడుగే గానీ పై అంతస్తు ఖాళీ. ప్రశ్న సరిగా ఇవ్వలేదు. "తరవాతి బిడ్డకు" అనకుండా "ఏ బిడ్డకైనా" అని ఉంటే నేనూ నాలుగింట ఒకటి అనే రాసేదాన్ని.

అదీగాక అమ్మతో నేను అలా అనలేదు. "నలుగురిలో ఒకరికే" అన్నాను. అది నిజమే కదా. పుస్తకంలో ఉన్నదే.

ఏప్రిల్ 15

పుస్తకం మళ్ళీ చూశాను. ఉన్నదే ఉంది.

ఏప్రిల్ 17

ఇవాళ ఎకాలజీ ప్రాక్టికల్. బడి వెనక మైదానంలో మొక్కల లెక్క. మీటరు పొడుగూ మీటరు వెడల్పూ ఉన్న చెక్క చట్రాన్ని కళ్ళు మూసుకుని భుజం మీంచి వెనక్కి విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడ, చట్రం లోపల ఏ మొక్కలున్నాయో చూసి రాసుకోవాలి. చూసి విసిరితే మనకి నచ్చిన చోటే వేస్తాం, అందుకని కళ్ళు మూసుకోవాలి. పోయినేటి పిల్లల లెక్క ప్రకారం మైదానంలో నాలుగు చట్రాలకి ఒకదాంట్లో పసుపు పూల కలుపు మొక్క ఉంటుందట.

నా మొదటి విసురుకే పసుపు పువ్వు. "ఇంక మూడు విసుర్ల దాకా రాదు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, సార్‌కి వినపడాలని.

రెండోది విసిరాను. పసుపు పువ్వు.

మూడోది విసిరాను. పసుపు పువ్వు.

సార్ దగ్గరికొచ్చారు. వెక్కిరిస్తారనుకున్నాను. వెక్కిరించలేదు. చట్రం తీసి నా చేతికిచ్చి, "ఇది ఇందాక ఎక్కడ పడిందో దీనికి తెలియదమ్మా" అన్నారు. అంతే. అని పక్క గుంపు దగ్గరికి వెళ్ళిపోయారు.

నాలుగోసారి విసరలేకపోయాను. చట్రం పక్కన పెట్టి గడ్డిలో కూర్చుండిపోయాను. ఎండ దెబ్బ అనుకుని ఎవరో నీళ్ళు తెచ్చారు.

అమ్మకి ఇప్పుడు పన్నెండో వారం.

ఏప్రిల్ 18

చెప్పాలి. రేపు ఆదివారం, రేపు చెప్తాను.

ఏప్రిల్ 19

అమ్మ ఇవాళ నవ్వుతూనే ఉంది. ఎవరిదో కోటు నడుం దగ్గర వదులు చేస్తూ, "ఇంకో నెలకి నాకూ ఇలాగే చెయ్యాలి" అని తన మీద తనే జోకు వేసుకుంది. చెప్పలేదు.

ఏప్రిల్ 22

పరిణామం పాఠం. ఇంత చెడ్డ జన్యువులు వేల ఏళ్ళుగా ఎందుకు తుడిచిపెట్టుకుపోలేదో సార్ చెప్పారు. జబ్బు జన్యువు ఒకటే ఉన్నవాళ్ళని మలేరియా అంత తేలిగ్గా చంపలేదట. దోమలున్న చోట వాళ్ళే ఎక్కువ బతికారు, ఎక్కువమంది పిల్లల్ని కన్నారు. ఆ జన్యువూ వాళ్ళతోపాటు నడుచుకుంటూ వచ్చింది. "ప్రకృతి వరణానికి ముందుచూపు లేదు, జాలీ లేదు" అని బోర్డు మీద రాసి కింద గీత గీశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే ఎప్పుడో ఏ తాతకో జ్వరం రాకుండా ఉండడానికి మా చిట్టి ఇప్పుడు పొడిపించుకోవాలా? ఆ తాత కనపడితే నాలుగు దులిపేదాన్ని. పాఠం మంచిదే, పరీక్షకి తప్పకుండా వస్తుంది, రెండు పేజీల జవాబు రాయగలను. కానీ దాన్ని మెచ్చుకుంటూ రాసుకున్న పిల్లలందర్నీ చూస్తే ఏడుపొచ్చింది. వాళ్ళకిది పాఠం.

ఏప్రిల్ 29

బుధవారం. అమ్మ మళ్ళీ రాలేదు. చిట్టి చేతికి సూది దొరకలేదు, మూడు చోట్ల పొడిచారు. అది ఏడవలేదు. నర్సుతో, "మీరు కొత్తా?" అంది.

నాన్న మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగాను. స్కూలు ప్రాజెక్టు అని చెప్పాను. బిడ్డకి జబ్బుందో లేదో కడుపులో ఉండగానే తెలుసుకోవచ్చా?

"తెలుసుకోవచ్చు. పదహారో వారం వచ్చాక ఉమ్మనీరు తీసి చూస్తాం. పద్దెనిమిది దాటకుండా వస్తే మంచిది, ఆ తరవాత ఏ నిర్ణయానికీ టైముండదు. మజ్జ సరిపోతుందా లేదా అన్నది కూడా ఆ నీళ్ళతోనే చెప్పొచ్చు" అంది. తరవాత కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఏం, ఇంట్లో ఎవరికైనా?"

"లేదండీ."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అబద్ధం నాకు ఇంత బాగా వచ్చని తెలియదు. అమ్మ చూపించుకునేది ఇంటి దగ్గర చిన్న ఆసుపత్రిలో. వాళ్ళకి చిట్టి సంగతి తెలియదు. ఇక్కడివాళ్ళకి అమ్మ సంగతి తెలియదు. రెండూ తెలిసి నోరు మూసుకున్నది నేనొక్కదాన్నే.

మే 2

ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను?

జనవరిలో నేను అన్నది ఇది. నాలుగు గడులు గీశాను. పై వరసలో మొదటి గడిలో, జబ్బు జన్యువు అసలు లేని శుభ్రమైన గడిలో, "ఇది నేను" అని రాశాను. (అదీ అబద్ధమే. నేనూ వాహకురాలినేనని రిపోర్టులో ఉంది. అయినా మంచి గడి నాకే వేసుకున్నాను.) ఆఖరి గడిలో "చిట్టి" అని రాశాను. మిగిలిన రెండు గడుల మీద పెన్ను పెట్టి టకటకా కొట్టి, "చెడ్డ గడి మనకి అయిపోయింది నాన్నా. మిగిలినవి రెండూ మంచివే. ఇంక పుట్టేవాళ్ళకి భయం లేదు" అన్నాను.

"నలుగురిలో ఒకరికే" అనలేదు. ఇదిగో, ఇప్పుడు నేను రాసిందే అన్నాను. నాన్న రెండుసార్లు అడిగాడు, "ఖాయమేనా తల్లీ?" అని. "సైన్సు నాన్నా" అన్నాను ఆరిందాలాగా. ఆ కాగితం నాన్న మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మే 5

క్లాసులో రెండు లక్షణాలు ఒకేసారి లెక్కవేసే పదహారు గడుల పట్టిక చేయిస్తున్నారు. అందరూ బఠాణీల రంగూ ముడతలూ వేసుకుంటున్నారు. నేను వేరేది వేశాను. జబ్బు లేకపోవడం నాలుగింట మూడు. మజ్జ కలవడం నాలుగింట ఒకటి. రెండూ ఒకే బిడ్డలో ఉండాలి.

పదహారింట మూడు.

అమ్మ కోరుకునే బిడ్డ పదహారు గడుల్లో మూడింట్లోనే ఉంది. నాలుగు గడుల్లో చిట్టి లాంటి బిడ్డ ఉంది. మిగిలిన తొమ్మిదింట్లో ఆరోగ్యంగా ఉండి కూడా చిట్టికి ఎందుకూ పనికిరాని, నాలాంటి పిల్లలున్నారు.

సార్ వెనకనుంచి వచ్చి చూసి, "ఇది నేనిచ్చిన లెక్క కాదే" అన్నారు. పేజీ తిప్పేశాను. ఆయన, "ఎవరితోనైనా మాట్లాడాలంటే స్టాఫ్ రూంలోనే ఉంటానమ్మా" అన్నారు. ఆయన్ని నేను ఎన్ని మాటలన్నానో ఈ పుస్తకంలో.

మే 9

చెప్పలేదు.

మే 12

చెప్పలేదు. కెమిస్ట్రీ పరీక్ష.

మే 15

పదహారో వారం. కావాలంటే వెళ్ళొచ్చు ఇవాళ్టి నుంచి.

చెప్పకపోతే ఏమవుతుంది? నాలుగింట మూడు వంతులు మంచిదే కదా. ఎక్కువ వంతు మనవైపే ఉంది. పుట్టాక మంచిగా ఉంటే ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. నేను పొద్దున్నుంచీ ఇదే అనుకుంటున్నాను. అనుకున్నప్పుడల్లా కాసేపు బాగుంటుంది.

మే 20

బుధవారం. రక్తం నిల్వ లేదని మూడు గంటలు కూర్చోబెట్టారు. చిట్టి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. దాని చెవులు వెలుతురుకి అవతలివైపు కనపడేంత పల్చగా ఉన్నాయి. ఇంకోటి ఇలాంటిదే పుడితే, ఇంకో ఒళ్ళు కావాలి. ఇంకో మంచం, ఇంకో సూది, పొద్దున్నే నీళ్ళలో కలిపి బలవంతాన తాగించే ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుము దించే ఆ మాత్ర ఇంకోటి. నా తెలివి కోసం. క్లాసులో ఫస్టు వచ్చే నా తెలివి కోసం.

నేను చెడ్డదాన్ని. రాయక తప్పదు, రాస్తున్నాను.

మే 24

చెప్పేశాను.

నాన్న ఏదో బిల్డింగులో లిఫ్టు ఆగిపోయిందని వెళ్ళాడు. చిట్టి కింద పిల్లలతో ఆడుకుంటోంది. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. నోట్లో నాలుగైదు గుండుసూదులు. నేను గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. గడుల సంగతి, పేపర్లో సున్నా సంగతి, మైదానంలో చట్రం సంగతి, డాక్టరమ్మతో అబద్ధం సంగతి. ప్రతిసారీ నాలుగింట ఒకటేనమ్మా, ముందు ఎవరు పుట్టారన్నది లెక్కలోకి రాదమ్మా, నేను తప్పు చెప్పానమ్మా అన్నాను. ఏడవకుండా చెప్దామనుకున్నాను గానీ ముక్కు అడ్డం పడింది.

అమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి మిషను పక్కనున్న చిన్న సూదుల దిండుకి గుచ్చింది. అన్నీ గుచ్చాక, "నాకు తెలుసే" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"ప్రతి కాన్పుకీ అంతేనని. చిట్టికి జబ్బని తెలిసిన రోజే డాక్టరమ్మ చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నాను."

"మరి నాన్నకి?"

"ఆ రోజు ఆయన ఏం విన్నాడు? గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. నాలుగింట ఒకటి అన్న మాటొక్కటే చెవిన పడింది."

"మరి నేను గీస్తుంటే నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా! తప్పని ఎందుకు చెప్పలేదు?"

అమ్మ ప్యాంటు మడత సరిచేసుకుంటూ కూర్చుంది. తరవాత నా మొహం చూడకుండా చెప్పింది. "ఎనిమిదేళ్ళు బతిమాలానే మీ నాన్నని. నా మాటకి కదలని మనిషి నీ కాగితం చూసి కదిలాడు. అప్పుడు తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిట్టి ఎన్నాళ్ళని అలా... నువ్వు చెప్పిందే నిజమైతే బాగుండుననిపించింది. కొన్నాళ్ళకి నిజమేననిపించింది కూడా."

"అందుకేనా, డాక్టరమ్మ చూస్తే నిజం చెప్పేస్తుందనేనా ఆసుపత్రికి రావడం మానేశావు?"

తల ఊపింది.

నెల రోజులు. నెల రోజులకి పైగా తిండి సయించక, నేనొక్కదాన్నే పాపిష్టిదాన్నని కుమిలిపోయాను. అమ్మ మాత్రం ఎదురుగా కూర్చుని, "అన్నం తినవేమే, పరీక్షల బెంగా?" అని అడిగింది. కోపం ఎంత వచ్చిందంటే ఆ కత్తెర తీసి గోడకి కొట్టాలనిపించింది. "నీ పుణ్యమే అన్నావు నాతో!" అని అరిచాను. అమ్మ చెవులు మూసుకుంది. అమ్మ అలా చెవులు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లలా ఉంది. వెళ్ళి పట్టుకున్నాను. ఏం చెయ్యను మరి.

మే 25

నాన్నకి ఇద్దరం కలిసి చెప్పాం. సగం నా తప్పు నేను చెప్పాను, సగం అమ్మ చెప్పింది. అరవలేదు. అరిచినా బాగుండేది. జేబులోంచి కాగితం తీశాడు. జనవరి నుంచీ జేబులోనే ఉందది, మడతల దగ్గర చిరిగిపోయి, మిషను నూనె మరకలతో. బల్ల మీద పరిచి, "ఇప్పుడు సరిగా చెప్పు తల్లీ" అన్నాడు.

సరిగా చెప్పాను. "ఖాయమేనా?" అని అడగలేదు ఈసారి.

మే 29

అమ్మకి ఉమ్మనీరు తీశారు. పద్దెనిమిదో వారం, చివరి అంచు. డాక్టరమ్మ నన్ను చూసి, "ప్రాజెక్టు ఎలా ఉంది?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఫలితానికి రెండు వారాలు పడుతుందట.

జూన్ 3

తలుపు వేసుకుని మాట్లాడుకుంటున్నారు. జబ్బుంటే ఏం చెయ్యాలి అన్నదే మాట. నాన్న గొంతు, అమ్మ గొంతు, మళ్ళీ నాన్న గొంతు. చిట్టికి నిన్ననే చెప్పారు, తమ్ముడో చెల్లో వస్తుందని. అది తలుపు బయట కూర్చుని బొమ్మకి రంగులేస్తోంది. ఎంత వినపడిందో ఏమో. వాల్యూం పెంచి టీవీ పెట్టాను.

జూన్ 8

బయాలజీ ఫైనల్. ఆ ప్రశ్నే వచ్చింది, అంకెలు మార్చి. నాలుగింట ఒకటి అని రాశాను. దిద్దేవాళ్ళు ఎవరైనా సరే, ఎంత ఒత్తి రాశానో చూసి ఈ పిల్లకి ఏమైందనుకుంటారు.

జూన్ 12

మధ్యాహ్నం ఫోనొచ్చింది. అమ్మ స్పీకరులో పెట్టింది. నలుగురం అక్కడే ఉన్నాం.

బిడ్డకి జబ్బు లేదు. నాలాగా వాహకురాలు. ఆడపిల్ల. మజ్జ చిట్టికి కలవదు.

డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్తోంది, బయటివాళ్ళలో దాతల కోసం వెతకొచ్చు, పేరు రాయిద్దాం అని. అమ్మ "అలాగేనండీ, అలాగేనండీ" అంటోంది. ఫోను పెట్టేశాక కుర్చీలో కూర్చుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న వరండాలోకి వెళ్ళి గోడకి ఎదురుగా నిలబడ్డాడు. నేనూ ఏడ్చాను. పదహారింట మూడు అని ముందే లెక్కవేసిన దాన్ని, అయినా ఏడ్చాను.

చిట్టి మమ్మల్ని ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "చెల్లికి నా జబ్బు లేదనేగా ఆంటీ చెప్పింది?"

"అవునే."

"సూదులు ఉండవు?"

"ఉండవు."

"మరి అందరూ ఎందుకేడుస్తున్నారు?"

దీనికి నా దగ్గర జవాబుంది. పూర్తిగా, బొమ్మతో సహా ఉంది. "సంతోషంతోనే" అన్నాను.

"అబద్ధం. సంతోషమైతే నాన్న బయట నిలబడడు" అంది. తొమ్మిదేళ్ళుగా పెద్దవాళ్ళ మొహాలు చదివిన పిల్ల, దాని ముందు నేనెంత.

తరవాత వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. రక్తం ఎక్కి రెండ్రోజులే అయింది కాబట్టి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అమ్మ పొట్టకి నోరు ఆనించి, లోపలిదానికి వినపడాలని గట్టిగా అరిచింది. "ఒసేయ్! నీకు సూదుల్లేవంట! నువ్వు భయపడకుండా వచ్చెయ్!"